ఎవరి కార్డు వారి చేతితోనే

ఆ శనివారం ఉదయం సింహాద్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకి సైకిలెక్కాలి. ఎనిమిదికల్లా ఆస్పత్రి చేరాలి. పన్నెండు బొమ్మలు వసారాలో వేలాడదీయాలి. పదకొండింటికి పెద్ద డాక్టరు పార్థసారథి గారు వచ్చి చూసి "భేష్" అంటే తల వంచుకుని నవ్వాలి. అంతే. ఇందులో ఫైరింజనుకి గానీ, దుర్గ్ స్టేషనుకి లేటుగా వచ్చే రైలుకి గానీ ఎక్కడా చోటు లేదు.

సింహాద్రి భిలాయి ఉక్కు కర్మాగారంలో ముప్పైనాలుగేళ్లు పెయింటరుగా చేసి రిటైరైన మనిషి. క్రేన్ల మీద నంబర్లు, మెట్ల అంచులకి పసుపు నలుపు చారలు, గోడల మీద హెచ్చరికలు, అన్నీ ఆయన చేతివే. రిటైరయ్యాక సెక్టర్ 7లో క్వార్టరు ఖాళీ చేసి స్మృతి నగర్‌లో కట్టుకున్న ఇంట్లోకి మారాడు. ఇల్లు మారింది గానీ చెయ్యి ఊరుకోలేదు. మొదటి నెలలో వీధి గుమ్మానికి పసుపు నలుపు చారలు కొట్టాడు. రెండో నెలలో వంటింటి గుమ్మం మీద "తల జాగ్రత్త" అని రాశాడు. ఆ గుమ్మంలోంచి రోజుకి వందసార్లు తిరిగే భార్య నూకాలమ్మ ఎత్తు అయిదడుగులు కూడా లేదు. మూడో నెలలో పంచదార డబ్బా మీద "ఉప్పు కాదు" అని రాసేసరికి ఆవిడ నోరు తెరిచింది. ఇక మూయలేదు.

అలాంటి రోజుల్లో బీపీ చూపించుకోవడానికి ప్లాంటు ఆస్పత్రికి వెళ్లి, వరసలో కూర్చున్న సింహాద్రి, ఎదురుగా బోర్డు మీద వంకరగా ఉన్న ఒక అక్షరాన్ని జేబులోని పెన్సిలుతో సరిచేస్తుంటే డైసీ సిస్టరు పట్టుకుంది. చీవాట్లు తప్పవనుకున్నాడు. ఆవిడ మాత్రం కింది అంతస్తు చివర ఉన్న ఒక గదికి తీసుకెళ్లింది. గోడ వారగా బల్లలు, రంగు సీసాలు, కుంచెలు.

"రోగులకైతే మందులున్నాయి బాబాయ్ గారూ. వాళ్ల పక్కన రోజుల తరబడి కూర్చునే వాళ్లకి ఏముంది చెప్పండి? అందుకే ఈ బొమ్మల గది పెట్టించాను. ఎవరైనా రావచ్చు, ఏదైనా వేసుకోవచ్చు. కుంచె ఎలా పట్టుకోవాలో చూపించే మనిషే లేడు" అందావిడ.

మర్నాటి నుంచి సింహాద్రి రోజూ హాజరు. జీతం లేదు, గేటు టోకెను లేదు, అయినా ప్లాంటు సైరను వినబడగానే సైకిలు తుడిచేవాడు. నిజం చెప్పాలంటే రిటైరయ్యాక ఆయనకి పొద్దున్నే లేవడానికి దొరికిన మొదటి కారణం ఆ గదే. అయితే అది మూడు నెలల ముచ్చట. పరీక్షగా చూద్దామని ఇచ్చారు. ఆ గడువు ఈ శనివారంతో సరి. పెద్ద డాక్టరుకి నచ్చితే గది ఉంటుంది. నచ్చకపోతే మూడో అంతస్తు వసారాలో అడ్డంగా పడున్న విరిగిన మంచాలన్నీ సాయంత్రానికల్లా అందులోకి దిగుతాయి.

"ఏటీ, ఈయేళ కూడా ఎల్తన్నావేటి?" అంది నూకాలమ్మ, సైకిలు దించుతుంటే. "జొరమొచ్చినోడికి మాత్రెయ్యాల గానీ, బొమ్మలేటి?"

"నీకు తెల్దులే."

"తెల్దు మరి. మద్దేన్నం కేరేజీ అట్టుకుని నానే వొస్తాను. ఆ గదేటో, ఆ గోలేటో సూస్తాను."

సింహాద్రికి మనసు చివుక్కుమంది. మూడు నెలల్లో ఒక్కసారైనా "బాగుందా?" అని అడగని మనిషి, తీరా ఈ రోజే వస్తానంటుంది.

బొమ్మలకి పేర్ల కార్డులు కావాలి. చిల్లు పెట్టి తీగ కట్టిన అట్టముక్కలైతే పని తేలిక. పెట్టె అడుగున వెతికితే అలాంటివే ఒక కట్ట దొరికింది. ప్లాంటులో పనికిరావని పారేస్తుంటే ఎప్పుడో దాచుకున్న ఎర్ర కార్డులు. ఒకవైపు ఎరుపు, రెండోవైపు తెలుపు. తెల్లవైపు పేరు రాసి కడితే ఎరుపు ఎవరికి కనిపిస్తుందిలే అనుకున్నాడు.

ఈ ఎర్ర కార్డు సంగతి భిలాయిలో చంటిపిల్లలకి కూడా తెలుసు. ప్లాంటులో యంత్రం లోపలికి దిగి మరమ్మతు చేసే మనిషి, దిగే ముందు స్విచ్చి ఆపి దానికి తన పేరున్న ఎర్ర కార్డు కట్టి వెళ్తాడు. లోపల మనిషి ఉన్నాడు, ముట్టుకోవద్దు అని దానర్థం. అది వేలాడినంతసేపూ జనరల్ మేనేజరైనా సరే ఆ స్విచ్చి మళ్లీ వెయ్యడానికి లేదు. పని ముగించి బయటికొచ్చి, ఎవడు కట్టాడో వాడే విప్పాలి. "ఎవరి కార్డు వారి చేతితోనే" అన్న ఆ మాటని ప్లాంటులో ఉన్న గోడలన్నిటి మీదా మూడు భాషల్లో రాసింది సాక్షాత్తూ సింహాద్రే.

ఆస్పత్రి చేరాక ఇంకో చిక్కు వచ్చిపడింది. గోడలకి మేకులు కొట్టకూడదు. కొట్టకూడదన్న బోర్డూ ఆయన రాసిందే. దాంతో ఎక్కడ పట్టు దొరికితే అక్కడ కట్టుకుంటూ పోయాడు. నీళ్ల కూలరు కుళాయికి ఒక బొమ్మ. కిటికీ ఊచలకి కొన్ని. వంటశాల గ్యాసు సిలిండర్ల గది గొళ్లేనికి అహల్య వేసిన బొమ్మ. అహల్య భర్త రెండు నెలలుగా రెండో వార్డులో ఉన్నాడు. ఆవిడ వేసింది సెక్టర్ 6లోని తన వంటింటి అలమర, డబ్బాలతో సహా.

అన్నిటికన్నా పొడుగాటి బొమ్మ అప్పలకొండది. ఆయన క్రేను ఆపరేటరు, భుజం విరిగి నెల్లాళ్లు ఉన్నాడు. నాలుగు కాగితాలు అంటించి విజయనగరం వెళ్లే రైలు వేశాడు. అది పట్టే చోటు లిఫ్టు పక్క గోడ ఒక్కటే. అక్కడ పట్టు దొరికేది లిఫ్టు కరెంటు పెట్టె గొళ్లెం ఒక్కటే. సింహాద్రి దానికే కట్టాడు. చేతిలోని ట్రంకుపెట్టె నేల మీద పెట్టి అప్పలకొండ ముచ్చటగా చూసుకున్నాడు.

"నాను డిశ్చార్జీ అయిపోనాను మావా. పదకొండున్నరకి బండి. పెద్ద డాక్టరుకి నా రైలు సూపించడం మర్సిపోకు."

"మర్సిపోతానేటి? నువ్వు బేగెల్లు."

అంతా అయ్యాక సింహాద్రి బొమ్మల గదిలోకి వెళ్లి తలుపేసుకుని కుంచెలు కడగడం మొదలెట్టాడు. బయట ఆషాఢపు గాలి లేచింది. పన్నెండు కార్డులూ గిరగిరా తిరిగాయి. అన్నీ ఎర్ర ముఖం బయటికి పెట్టి ఆగాయి.

లిఫ్టు నడిపే చినబాబు టీ తాగి వచ్చాడు. ఆయన కూడా ప్లాంటు మనిషే. గుండెజబ్బు వచ్చాక తేలికపాటి డ్యూటీ కింద ఇక్కడికి పంపారు. కరెంటు పెట్టెకి ఎర్ర కార్డు చూడగానే ఎదుట ఎవరూ లేకపోయినా నిటారుగా నిలబడ్డాడు. స్విచ్చి ఇంకా వేసే ఉందేమిటని చప్పున దించేశాడు. కార్డు తిప్పి పేరు చదివాడు. లిఫ్టు గుంటలోకి వంగి కేకేశాడు.

"ఓ అప్పలకొండా! లోపలున్నావేటి?"

లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు.

"అప్పలకొండోయ్! పలకవేటి?"

క్షణంలో జనం మూగారు. ఆస్పత్రిలో ఉన్నవాళ్లంతా ప్లాంటు వాళ్లూ, వాళ్ల ఇంటివాళ్లే. లిఫ్టు గుంటలో మనిషి దిగి పలకడం లేదంటే ఏమై ఉంటుంది? సరిగ్గా అప్పుడే ఎవరో సిలిండర్ల గది వైపు వేలు చూపించారు. అక్కడా ఎర్ర కార్డే. ఇక చెప్పేదేముంది? "గ్యాస్!" అని ఒక గొంతు అంది.

ఉక్కు టౌన్‌షిప్‌లో ఆ మాటకి అందరికీ ఒకే పాఠం వచ్చు. పరిగెత్తకూడదు. తడిగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకోవాలి. గాలికి ఎదురు నడవాలి. నడవగలిగిన రోగులంతా సెలైను సీసాలు చేత్తో పైకి పట్టుకుని, ఊరేగింపులా లాన్‌లోకి కదిలారు. తువ్వాళ్లు తడుపుకుందామంటే కూలరు కుళాయికీ ఎర్ర కార్డే. నీళ్లు ఎదురుగా ఉన్నా కుళాయి తిప్పే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది. పొడి తువ్వాళ్లే ముక్కుకి కట్టుకున్నారు.

గదిలో ఉన్న సింహాద్రికి అన్ని కాళ్ల చప్పుడు వినగానే ఒళ్లు పులకరించింది. ప్రదర్శనకి ఇంతమంది వస్తారని కలలో కూడా అనుకోలేదు. తలుపు తీసి, ముఖమంతా నవ్వుతో నిలబడ్డాడు.

"మెల్లగా బాబూ, మెల్లగా! తోసుకోకండి. అందరికీ టైమున్నాది."

ముక్కుకి తువ్వాలు కట్టుకున్న ఒకాయన ఆగాడు. "బాబూ, మొత్తం ఎంతమందున్నారు?"

"పన్నెండు మంది" అన్నాడు సింహాద్రి గర్వంగా.

"పన్నెండే! అందరూ ప్లాంటోల్లేనా?"

"ఇంచుమించు అందరూ. ముగ్గురు ఆడోల్లు కూడా ఉన్నారు."

"బాబోయ్! ఆడోల్లే!" అని ఆయన పరిగెత్తకూడదన్న పాఠం మరిచిపోయి పరుగందుకున్నాడు. లాన్ చేరేసరికి పన్నెండు మంది లోపల పడిపోయారన్న వార్త ఖాయమైంది. ఎవరో ప్లాంటుకి ఫోను చేశారు. పావుగంటలో ఫైరింజనూ, దాని వెనక సేఫ్టీ వాళ్ల జీపూ గంటలు మోగించుకుంటూ వచ్చేశాయి.

మూడో అంతస్తులో పార్థసారథి గారు లిఫ్టు మీట నొక్కి నొక్కి విసిగిపోయి మెట్లు దిగడం మొదలెట్టారు. ఆయన కుడి మోకాలు మంచిది కాదు. డెబ్బైరెండు మెట్లు. ప్రతి మెట్టు మీదా ఆయన కోపం ఒక మెట్టు ఎక్కింది. కిందికి దిగి చూస్తే వార్డులు బోసిగా ఉన్నాయి, రోగులు గడ్డిలో ఉన్నారు.

సేఫ్టీ ఆఫీసరు మనోజ్‌కుమార్ భిలాయిలోనే పుట్టి పెరిగిన కుర్ర ఇంజనీరు. తెలుగు ఇంట్లో, హిందీ మిగతా అంతటా. లిఫ్టు దగ్గర కార్డు చదివి, "అప్పలకొండ కౌన్ హై? ఎక్కడున్నాడు?" అన్నాడు.

"ఆయన్ని తొమ్మిదింటికే డిశ్చార్జి చేశామండీ. స్టేషనుకి వెళ్లిపోయారు" అంది అక్కడికి పరుగున వచ్చిన డైసీ సిస్టరు.

జనాన్ని తోసుకుని వచ్చిన సింహాద్రికి, తన కార్డు ఎర్రగా తన వైపే చూస్తూ కనిపించింది. జరిగింది జరిగినట్టు చెప్పేశాడు.

పార్థసారథి గారు ఓపిగ్గా విన్నారు. అంత ఓపిక మంచిది కాదని డైసీకి తెలుసు.

"అయితే లోపల ఎవరూ లేరు?"

"నేరు సార్."

"గ్యాసు లేదు?"

"నేదు సార్."

"మరయితే ఆ కార్డు విప్పి అవతల పారెయ్."

సింహాద్రి చెయ్యి చాచాడు. కార్డు దాకా వెళ్లి ఆగిపోయింది. కరెంటు పెట్టె పైన, గోడ మీద, పదేళ్ల కిందట తన చేత్తో రాసిన అక్షరాలు ఇంకా మెరుస్తున్నాయి. "ఎవరి కార్డు వారి చేతితోనే." చుట్టూ నలభై మంది ప్లాంటు మనుషులు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"ఇప్పలేను సార్" అన్నాడు, కళ్లు దించుకుని.

"నువ్వే కదయ్యా కట్టింది!"

"పేరు అప్పలకొండది సార్."

డాక్టరు గారు మనోజ్‌కుమార్ వైపు తిరిగారు. "నువ్వు ఆఫీసరువి. నువ్వు విప్పు."

"సర్, రూల్ ఈజ్ రూల్. నా నౌకరీ పోతుంది. నేను ట్రైనీగా ఉన్నప్పుడు ఈ రూల్ నేర్పించింది ఈ అంకులే." ఈ లోపల చినబాబు తన ముక్కాలిపీట లాక్కొచ్చి కరెంటు పెట్టె ముందు వేసుకుని కూర్చున్నాడు. కావాలంటే తనని దాటుకుని వెళ్లమన్నట్టుంది ఆ కూర్చోవడం.

పార్థసారథి గారి ముఖం కార్డు రంగుకి వచ్చింది. "చాలు. బొమ్మల గది ఇవాళ్టితో బంద్. లిఫ్టు కదలగానే మంచాలన్నీ దించి ఆ గదిలో పడేయండి!"

సింహాద్రి తల ఎత్తితే గుంపు చివర, చేతిలో క్యారేజీతో నూకాలమ్మ నిలబడి ఉంది. మొత్తం విన్నట్టుంది. ఆయన్ని ఒక్క క్షణం చూసి, ఒక్క మాటైనా అనకుండా, వసారా చివరికి వెళ్లిపోయింది. ముప్పయ్యారేళ్ల కాపురంలో ఆవిడ ఏమీ అనకుండా వెళ్లిపోవడం సింహాద్రి ఎప్పుడూ చూడలేదు. అవమానం రెండింతలైంది.

మనోజ్‌కుమార్ జీపుని దుర్గ్ స్టేషనుకి పంపి, మిగతా పదకొండు కార్డులకి పద్ధతి ప్రకారం విచారణ మొదలెట్టాడు. పార్థసారథి గారు పైకి వెళ్దామంటే మోకాలు ఒప్పుకోలేదు. డైసీ గబగబా కుర్చీ తెచ్చి వసారా మధ్యలో వేసింది. ఆయన అందులో కూర్చోక తప్పలేదు, ఎదురుగా ఉన్నవాటిని చూడకా తప్పలేదు. ఒక్కొక్కరే లాన్‌లోంచి వచ్చి, తమ బొమ్మ పక్కన నిలబడి, పేరు చెప్పి, "పని అయిపోయిందా?" అన్న ప్రశ్నకి "అయిపోయింది" అని జవాబిచ్చి, కార్డు విప్పి వెళ్తున్నారు. కూలరు కార్డు విప్పగానే జనం చప్పట్లు కొట్టి నీళ్లు తాగారు.

అహల్య వంతు వచ్చింది.

"పని అయిపోయిందా దీదీ?"

అహల్య తన బొమ్మ వైపు చూసుకుంది. "లేదు బాబూ. ఒక డబ్బా మిగిలిపోనాది."

పని మిగిలితే కార్డు విప్పడానికి లేదు. వంటవాళ్లు గొల్లుమన్నారు.

"ఏం డబ్బా అమ్మా?" అన్నారు పార్థసారథి గారు, తనకి తెలియకుండానే.

"టీ పొడి డబ్బా సార్. ఇల్లొదిలి రెండు నెల్లయ్యింది కదా, ఏ అరలో ఎట్టేనో గురుతు రాలేదు. ఇప్పుడే గురుతొచ్చింది."

ఎవరూ తొందర పెట్టలేదు. సింహాద్రి కుంచె తెచ్చి చేతికిచ్చాడు. అహల్య అక్కడే నిలబడి రెండో అరలో ఒక పచ్చ డబ్బా వేసింది, మూతతో సహా. తర్వాత కార్డు విప్పింది. పార్థసారథి గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు, దుమ్ము పడిందని.

పన్నెండున్నరకి జీపు తిరిగొచ్చింది. రైలు మూడు గంటలు లేటట. అప్పలకొండ పెట్టె, గొడుగు, భార్య సమేతంగా దిగాడు. తన ఒక్కడి కోసం జీపు రావడం ఆయన జీవితంలో ఇదే మొదలు. ఠీవిగా నడిచొచ్చి, చినబాబు లేచి దారి ఇవ్వగా, "పని అయిపోనాది" అని గట్టిగా చెప్పి కార్డు విప్పాడు. చినబాబు స్విచ్చి వేయగానే లిఫ్టు గుర్రుమని కదిలింది. ఆస్పత్రంతా కేకలు వేసింది.

"నా బండి బాగున్నాదేటి సార్?" అన్నాడు డాక్టరు గారితో.

"బాగానే ఉంది. ఇంజనేదీ?"

"కాగితం సాల్లేదు సార్."

డాక్టరు గారికి నవ్వు రాబోయింది. ఆపుకున్నారు. లేచి నిలబడ్డారు. "బొమ్మలు బాగున్నాయి, కాదనను. కానీ మీకు రూలు రూలైతే, నాకూ అంతే. ఆర్డరు ఇచ్చేశాను. మంచాలు దించండి."

మొదటి మంచం లిఫ్టులోంచి దిగింది. నలుగురు మోసుకుంటూ వసారా చివరికి వెళ్లారు. గది ముందు ఆగారు. మంచం నేల మీద పెట్టేశారు. నాలుగడుగులు వెనక్కి వేశారు.

"ఏమైంది?" అంటూ పార్థసారథి గారు కుంటుకుంటూ వెళ్లారు. ఆయన వెనక సింహాద్రి, ఆయన వెనక సగం ఆస్పత్రి.

బొమ్మల గది గొళ్లేనికి, కట్టలో మిగిలిన ఎర్ర కార్డొకటి వేలాడుతోంది. తిప్పి చూస్తే, అహల్య చేతిరాతలో ఒకటే పేరు. నూకాలమ్మ.

"ఈ నూకాలమ్మ ఎవరు? ఏ వార్డు?"

"మా ఇంటిది సార్" అన్నాడు సింహాద్రి.

గుమ్మం పక్క బల్ల మీద, ఒళ్లో క్యారేజీ పెట్టుకుని ఆవిడ తాపీగా కూర్చుని ఉంది.

మనోజ్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు. "ఆంటీ, పని అయిపోయిందా?"

"నేదు. ఇంకా మొదలే ఎట్టనేదు. నానూ ఒక బొమ్మెయ్యాల."

"ఎప్పటికవుతుందమ్మా?" అన్నారు పార్థసారథి గారు.

"అదెలా సెప్తాను బాబూ? నాకు కుంచె అట్టుకోడమే రాదు. నేరుసుకోవాల." ఆవిడ లేచి నిలబడింది. "ఈ గది మూసీసినారంటే నానేటీ అననండి. ఈయన్ని మాత్రం మీ ఇంటికి తోలీస్తాను. మీ ఇంట్లో గుమ్మాలున్నాయి గదా? పంచదార డబ్బా ఉన్నాది గదా?"

డాక్టరు గారికి అర్థం కాలేదు గానీ, ఎందుకో ఒళ్లు జలదరించింది.

సింహాద్రి దగ్గరగా వెళ్లి గుసగుసగా అన్నాడు. "ఒలే నూకాలూ, నీకు ఈ గదంటే గిట్టదనుకున్నాను."

"గదితో నాకేటి?" ఆవిడ గొంతు కూడా తగ్గింది. "రిటైరైన మర్నాడు పొద్దున్న లేసి యూనిఫారమేసుకుని, ఎక్కడికెల్లాలో తెలక మంచం మీద కూకున్నావు సూడు. ఆ మొకం మల్లీ నాను సూడనేను. ఇందాకల అక్కడ నిలబడ్డప్పుడు అదే మొకం నీది." వెంటనే గొంతు పెంచేసింది. "అన్నం సల్లారిపోతంది. తింటావేటి, మొకం అలాగెట్టుకుని సూస్తావేటి?"

సింహాద్రికి కళ్లు చెమర్చాయి. అది నలుగురిలో తెలియకుండా ఉండాలని కుంచెల డబ్బా సర్దబోయాడు. అది గదిలో ఉంది, గదికి కార్డు ఉంది. అందుకని క్యారేజీ విప్పాడు.

పార్థసారథి గారు కార్డు వైపు చూశారు. మనోజ్‌కుమార్ వైపు చూశారు. చుట్టూ చేతులు కట్టుకుని నిలబడ్డ నలభై మంది వైపు చూశారు. దిగిన మంచం మళ్లీ లిఫ్టెక్కి మూడో అంతస్తుకి వెళ్లిపోయింది. బొమ్మల గదికి తోటవైపు ఇంకో తలుపు ఉందనీ, దానికి కార్డు లేదనీ సోమవారం ఉదయం డైసీ సిస్టరు కనిపెట్టింది. అందరూ అటునుంచే రాకపోకలు మొదలెట్టారు.

రెండేళ్లకి, నూకాలమ్మ బొమ్మ ఇంకా అవకుండానే, ఆ కార్డు ఎండకి వెలిసి తెల్లబడితే సింహాద్రే మళ్లీ ఎర్రరంగు వేశాడు, కుంచె తప్ప చెయ్యి తగలనివ్వకుండా.